కాళ్ళు విరగ్గొడతా

ఆ వానాకాలం మా గదిలో అన్నీ తడిసే ఉండేవి. గోడలు, పరుపు, తీగ మీది బట్టలు, నా కూతురి బడి బూట్లు. ఎండిపోయింది ఒక్క నా నోరే.

మామూలుగా అది ఎండే నోరు కాదు. మా అమ్మ నోరు నాకొచ్చింది, మా అమ్మకి వాళ్ళమ్మ నోరు వచ్చింది. మా ఇంటి ఆడవాళ్ళకి లోపల ప్రేమ పుట్టినా భయం పుట్టినా బయటికి వచ్చేసరికి తిట్టే అవుతుంది. అన్నం తినకపోతే చంపేస్తా. పొద్దున్నే లేవకపోతే తోలు వలుస్తా. పరిగెత్తితే కాళ్ళు విరగ్గొడతా. వీటిల్లో ఒక్కటి నిజంగా చేసి ఉన్నా మా వంశంలో మనిషన్నవాడు మిగిలేవాడు కాదు. చెయ్యి లేవదా అంటే లేస్తుంది. వీపు దాకా వెళ్ళేసరికి అది నిమురుడైపోతుంది.

మేం ఆ నగరానికి వచ్చేసరికి నా కూతురికి ఎనిమిదేళ్ళు. ఒక్కచోట నిలవదని వాళ్ళ నాన్న దాన్ని మిడత అనేవాడు. ఆయనది అద్దాల పని. ఆకాశాన్నంటే భవనాలకి బయటివైపు, తాళ్ళకి వేలాడే తొట్టిలో నిలబడి, కిటికీలకి అద్దాలు బిగిస్తాడు. నాది బట్టల కంపెనీలో దారాలు తుంచే పని. కుట్టు అయిపోయిన చొక్కాలకి వేలాడే పోగుల్ని చిన్న కత్తెరతో కత్తిరించి, చొక్కా దులిపి, పక్కకి నెట్టాలి. మాటలతో పనిలేదు. అదే నా అదృష్టం. ఆ ఊరి భాష నాకు ఒక్క ముక్క రాదు. ఎనిమిదో తరగతి మధ్యలో పుస్తకాలు మూసిన దాన్ని, నా భాషలో బోర్డులే కూడబలుక్కుంటూ చదివేదాన్ని. అక్కడి బోర్డులైతే నాకు ముగ్గుల్లా కనిపించేవి.

మా గది మూడో అంతస్తులో, కింద పాత టైర్ల కొట్టు. గదికి ఒకటే కిటికీ. దానికి ఊచల్లేవు. నడుమెత్తు గోడ, దాని మీద జానెడు వెడల్పు గట్టు, ఆ తర్వాత గాలే. మొదటి రోజే కిందికి చూసి రెండడుగులు వెనక్కి వేశాను.

"బావా, ఊళ్ళోవాళ్ళ కిటికీలన్నీ బిగిస్తావు. మనదానికి నాలుగు ఊచలు పెట్టలేవా?"

"పెడతానే. ఆదివారం రానీ."

ఆదివారం వచ్చేది. వానని వెంటబెట్టుకుని వచ్చేది. ఆయన ముసుగుతన్ని పడుకునేవాడు. నేను మిడతని చెవి పట్టుకుని కిటికీ ముందు నిలబెట్టాను.

"దీని మీదికి ఎక్కావో, కాళ్ళు విరగ్గొడతా. తెలిసిందా?"

"ఎక్కితే పడతాను కదా. అప్పుడు కాళ్ళు వాటంతటవే విరుగుతాయి."

"పడ్డావంటే చంపేస్తా!"

అది పగలబడి నవ్వింది. నవ్వినా ఆ కిటికీ జోలికి పోలేదు. ఊచలు వచ్చేదాకా మా కిటికీకి ఆ మాటే ఊచ.

*

జలుబు అంటుకున్నంత తేలిగ్గా ఆ ఊరి భాష మిడతకి అంటుకుంది. మొదట తలూపడం వచ్చింది, తర్వాత నవ్వడం, ఆ తర్వాత ఒకరోజు కూరగాయలబ్బాయితో పోట్లాడి కుళ్ళిన టమాటాలు మార్పించుకొచ్చింది. నేను పక్కన సంచీ పట్టుకుని నిలబడ్డాను. ఎవరికి ఎవరు తల్లో తెలియనట్టు ఉండింది నా పరిస్థితి.

భాషతో పాటు ఇంకేవేవో అంటుకున్నాయి. ఒకరోజు గ్లాసుతో మంచినీళ్ళిస్తే అక్కడి మాటలో థాంక్స్ చెప్పింది.

"ఏమన్నావే?"

"నీళ్ళిచ్చావు కదా, అలా అనాలి."

"కన్నతల్లికి చెప్తారా ఎవరైనా? నేనేమన్నా హోటల్లో సర్వర్నా?"

"సర్వరుకీ చెప్తారు, అమ్మకీ చెప్తారు. బస్సాయనకి కూడా చెప్తారు."

"అయితే ఈసారి దాహమేస్తే బస్సాయన్ని అడుగు."

నవ్వాను గానీ ఆ గ్లాసు కడుగుతున్నంతసేపూ ఏదో గుచ్చుకుంటూనే ఉంది.

బడికి తీసుకెళ్తుంటే అదే నాకు రోడ్డు దాటడం నేర్పేది. స్తంభం మీద ఎర్రబొమ్మ నిలబడి ఉంటే మనం నిలబడాలి, పచ్చబొమ్మ నడుస్తుంటే నడవాలి. నాకేమో సందు కనిపిస్తే చాలు, కాళ్ళు వాటంతటవే దూకేవి. అది నా చెయ్యి లాగేది. లాగుతూనే చుట్టూ చూసుకునేది.

"అమ్మా, రోడ్డు మీద గట్టిగా మాట్లాడకు."

"నేనేం గట్టిగా మాట్లాడాను?"

"నువ్వు మామూలుగా మాట్లాడినా పోట్లాడినట్టుంటుంది. అందరూ చూస్తారు."

"చూడనీ. కళ్ళున్నాయి, చూస్తారు."

మలుపు దగ్గర దాని క్లాసు పిల్లలు కనిపించగానే దాని చెయ్యి నా చేతిలోంచి చేపపిల్లలా జారిపోయింది.

ఆ వారంలోనే నాచుపట్టిన మెట్ల మీద జారి పడింది. మోకాలి కింద కమిలి నీలం రంగు తిరిగింది. డాక్టరు దగ్గరికి ఎత్తుకుని పరిగెత్తాను. దెబ్బ తగిలింది దానికైతే ఏడుస్తున్నది నేను. డాక్టరు నావైపు చూసి ఏదో అడిగాడు. అది ఏదో చెప్పింది. ఆయన నవ్వాడు.

"ఏం చెప్పావే?"

"మీ అమ్మకేమైంది అన్నాడు. మా అమ్మకి భయం అని చెప్పా."

"భయాన్ని ఇక్కడ ఏమంటారు?"

చెప్పింది. చిన్న మాట. పెదవి ఒక్కసారి కదిలితే అయిపోతుంది. ఇంటికి వచ్చేదాకా దాన్ని నాలుక మీద తిప్పుకుంటూనే వచ్చాను. ఆ ఊళ్ళో నేను నేర్చుకున్న మొదటి మాట అదే. నాకు పనికొచ్చే మాటే నేర్చుకున్నాను.

*

బడి నుంచి పిలుపొచ్చింది. అమ్మానాన్నల్ని రమ్మన్నారని మిడతే వచ్చి చెప్పింది, చెప్పి బూట్ల వైపు చూస్తూ కూర్చుంది. మా ఆయన ఏ అంతస్తు దగ్గర వేలాడుతున్నాడో ఏమో, పని మధ్యలో దిగడం కుదరలేదు. మా పక్క గదిలో ఒక అక్క ఉండేది. ఆసుపత్రిలో వార్డులు శుభ్రం చేస్తుంది, మావైపు మనిషే, వచ్చి ఏళ్ళయింది కాబట్టి అక్కడి భాష వచ్చు. ఆవిణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను.

మమ్మల్ని పిల్లల కుర్చీల్లో కూర్చోబెట్టారు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. ఎదురుగా నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక మేడం. పాఠాలు చెప్పే మేడం కాదు, పిల్లల బాగోగులు చూసే మేడమట. మెల్లగా, దూది మీద నడిచినట్టు మాట్లాడుతోంది. ఆవిడ మాట్లాడేకొద్దీ మా అక్క మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"ఏంటక్కా?"

"నీ కూతుర్ని చంపేస్తానన్నావా?"

"ఎప్పుడు?"

"ఎప్పుడని అడుగుతావేంటమ్మా! రోజూ అంటావంట."

"రోజూ అంటాను. నువ్వనవా నీ కొడుకుని?"

"అంటాను. నా కొడుకు బళ్ళో చెప్పలేదు."

విషయమేంటంటే, పొద్దున్నే మీ అమ్మ మీతో ఏమంటుందో చెప్పమని క్లాసులో పిల్లల్ని అడిగారట. ఒకడి తల్లి నా చిన్ని సూర్యుడా లేవరా అంటుందట. ఒక పిల్ల తల్లి పాట పాడుతుందట. మా మిడత లేచి నిలబడి, మా అమ్మ నా చర్మం ఊడదీస్తానంటుంది అని చెప్పింది. క్లాసంతా ఆగిపోయింది. టీచరు పక్కకి పిలిచి ఇంకా ఏమంటుందని అడిగితే, అడిగారు కదా పాపమని, అన్నీ చెప్పింది.

"కిటికీ ఎక్కితే కాళ్ళు విరిచేస్తావంట. అల్లరి చేస్తే దాని వీపు మీదికి విమానం తెస్తావంట."

"విమానమేంటి?"

"అదే ఈవిడా అడుగుతోంది."

అప్పుడు వెలిగింది నాకు. "వీపు విమానం మోత మోగిస్తానంటానక్కా!"

"అంతేకాదు. ముద్దొస్తే కొరుక్కు తినేస్తావంట. కొరుకుతుందా అని అడిగితే అప్పుడప్పుడు, బుగ్గ మీద అందంట."

నాకు నవ్వు తన్నుకొచ్చింది. అక్కకీ వచ్చింది. మేడం నవ్వలేదు. చెయ్యి చాపి తన మోకాలి కింద తాకి చూపించింది, నా కూతురికి కమిలిన చోటు.

"అక్కా, చెప్పు. మెట్ల మీద పడింది. మనవైపు అలా అంటారని, మాటవరసకని చెప్పు."

"చెప్పానే తల్లీ. మాటవరసకి అన్నదాన్ని ఈ భాషలో ఏమంటారో నాకు తెలీదు. ఊరికే అంటారని చెప్పాను. ఊరికే ఎందుకు చంపుతానంటారని అడుగుతోంది."



బయటికొచ్చాక అక్క నా భుజం మీద చెయ్యివేసి చెప్పింది. "మీ ఇంటికొస్తుందంట చెల్లీ. ఎప్పుడొస్తుందో చెప్పరు, చెప్తే సర్దేసుకుంటారని. వచ్చినప్పుడు పిల్లకి అక్కడ బాగోలేదనిపిస్తే కొన్నాళ్ళు వేరేచోట ఉంచుతారు."

"ఉంచుతారంటే?"

"తీసుకెళ్తారు. వెనకవీధిలో ఒకావిడ కూతుర్ని అలాగే తీసుకెళ్ళారు. చలికాలం గడిచాక తిరిగిచ్చారు. ఆవిడ ఇప్పటికీ పిల్లతో గుసగుసగానే మాట్లాడుతుంది."

వరండా చివర మిడత సంచీ వీపున వేసుకుని నిలబడి ఉంది. నన్ను చూసి రాలేదు. నేనే వెళ్ళాను. దారంతా ఏమీ అనలేదు. అంటే ఏం వస్తుందో నా నోటి మీద నాకే నమ్మకం లేదు.

ఇంటి మెట్ల దగ్గర అదే అంది. "అమ్మా, చంపేస్తా అంటే అక్కడ నిజంగా చంపేస్తా అని. నాకు తెలీదు. నేను మామూలుగా చెప్పా."

"సరేలే."

"చెప్తుంటే నాక్కూడా భయమేసింది. ఆ భాషలో."

నేను తాళం తీస్తున్నదాన్ని ఆగిపోయాను. నా మాటే, పరాయి బట్ట కట్టుకుని వచ్చి, నా బిడ్డనే భయపెట్టింది.

*

"అంటే ఇంక తిట్టొద్దు. అంతేగా? తేలిక," అన్నాడు మా ఆయన.

"నీకు తేలికే. నువ్వు పొద్దున్నే గాల్లోకి పోతావు."

నోరు కుట్టేసుకున్నాను. చొక్కాలకి దారాలు తుంచినట్టు, వచ్చిన ప్రతి మాటనీ పళ్ళ దగ్గరే తుంచేసుకునేదాన్ని. తుంచగా తుంచగా మిగిలేది ఏమీ ఉండేది కాదు. పొద్దున్నే దుప్పటి లాగి, "లేమ్మా, బడికి వేళయింది," అన్నాను. అది ఒక్క కన్ను తెరిచింది.

"అమ్మా, నీకు జ్వరమా?"

మొదట్లో దానికది ఆటలా ఉంది. అన్నం ముందు పెట్టుకుని గంటసేపు కెలికింది. "తినమ్మా," అన్నాను. బూట్లతోనే పరుపు ఎక్కింది. "దిగమ్మా," అన్నాను. నీళ్ళ బిందె తన్నేసింది. గుడ్డ తెచ్చి తుడిచాను. ఆ రోజు నుంచి ఆట ఆగిపోయింది. కెలకడం మానేసి, పెట్టింది పెట్టినట్టు తినేసి, మూల కూర్చుని చదువుకునేది. నేను దగ్గరికి పిలిస్తే వచ్చేది, చుట్టాలింట్లో పిల్ల వచ్చినట్టు. మెట్ల మీద ఎవరి అడుగులు వినిపించినా నేను లేచి పరుపు సర్దేదాన్ని, అది జడ సర్దుకునేది. ఇద్దరం తలుపు వైపు చూసేవాళ్ళం. అడుగులు పైకి పోయేవి.

ఒక సాయంత్రం గోడకి అవతల, కుళాయి దగ్గర, అది వాళ్ళ నాన్నని అడగడం విన్నాను.

"నాన్నా, నేను బళ్ళో చెప్పేశానని అమ్మ నన్ను వదిలేసిందా?"

"ఛ, వదలడమేంటి?"

"మరి ఏమీ అనట్లేదు."

ఆయన ఏం చెప్పాడో వినపడలేదు. కుళాయి శబ్దంలో కలిసిపోయింది.

కిటికీ ఎక్కడం మాత్రం ఆ తర్వాతి సంగతి. వానలకి బూట్లు ఆరేవి కావు. కాస్త తెరిపిస్తే నేను వాటిని కిటికీ గట్టు మీద పెట్టేదాన్ని. ఒకరోజు పనినుంచి వచ్చి తలుపు తీసేసరికి అది గట్టు మీద ఒక మోకాలు మోపి కూర్చుని ఉంది. బూట్ల కోసం కాదు. ఓరకంటితో నన్నే చూస్తోంది. నా నోటి నిండా వచ్చేసింది మాట. సరిగ్గా అప్పుడే మెట్ల మీద అడుగులు. మింగేశాను. మెల్లగా వెళ్ళి, రెండు చేతులతో ఎత్తి కిందికి దించాను.

"పడతావమ్మా. అలా ఎక్కకూడదు."

దాని ఒళ్ళు చెక్కలా బిగిసి ఉంది. దించాక కూడా నన్నే చూస్తూ నిలబడింది, ఇంకేదో రావాల్సి ఉన్నట్టు. రాలేదు. అడుగులు పై అంతస్తుకి పోయాయి.

"బావా, ఊచలు," అన్నాను ఆ పూట.

"ఆదివారం," అన్నాడు.

*

బడి ఒంటిపూట ఉన్న రోజు వచ్చింది ఆవిడ. అప్పుడే వాన వెలిసింది. తలుపు తట్టిన చప్పుడుకి అక్కయ్యేమో అనుకుని తీశాను. గొడుగు నుంచి నీళ్ళు కారుతూ ఆ నెరిసిన జుట్టు మేడం. పక్క గదికి తాళం. అక్క ఆసుపత్రిలో. ఇంట్లో ఉన్నది నేను, నా కూతురు. మా ఇద్దరి మధ్య మాట మోసేది అదొక్కతే.

మేడం పరుపు అంచున కూర్చుంది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ అడగడం, మిడత నా వైపు తిరిగి చెప్పడం, నేను చెప్పింది పట్టుకెళ్ళి అటు ఇవ్వడం.

"నేనెక్కడ పడుకుంటానంటోంది."

"మా ఇద్దరి మధ్యలో అని చెప్పు."

"చెప్పేశాను. బళ్ళో నుంచి వచ్చాక ఎవరుంటారంటోంది."

"నేనే. కంపెనీలో అడిగి తొందరగా వస్తున్నానని చెప్పు. నిజం అని కూడా చెప్పు."

అది చెప్తోంది. ఆ భాషలో దాని గొంతు వేరేలా ఉంది, కొంచెం పెద్దపిల్లలా. మేడం ఈసారి నావైపు చూడలేదు. ముందుకి వంగి, దాని కళ్ళలోకి చూసి, మెల్లగా ఒక్క ప్రశ్న అడిగింది. మిగతా మాటలు నాకు అందలేదు. చివరి మాట అందింది. నాకు తెలిసిన ఆ ఒక్క మాట. భయం.

ఈ ఇంట్లో నీకు భయమేస్తుందా, అని.

మిడత నావైపు చూసింది. ఎందుకు చూసిందో తెలియదు. నేను చూపు దించుకున్నాను. జవాబు నేను చెప్పించినట్టు ఉండకూడదని.

అది నోరు తెరవబోతుండగా కిటికీలోంచి విసురుగా గాలి, దాని వెనకే జల్లు.

"నా బూట్లు!"

నేను తలెత్తేసరికి అది గట్టు మీద ఉంది. రెండు మోకాళ్ళూ గట్టు మీదే. ఒక బూటు చేతికి దొరికింది. రెండోది తడిసిన సిమెంటు మీద జారుకుంటూ అంచుకి పోతోంది, ఇది దాని వెనకే చెయ్యి చాపి ఒంగుతోంది. మేడం లేచి నిలబడింది. గది అటు చివర నుంచి ఇటు చివరకి నేను ఎలా వచ్చానో నాకు ఇప్పటికీ గుర్తులేదు. దాని గౌను నా పిడికిట్లో ఉంది. నా నోట్లోంచి అన్నాళ్ళూ మింగిందంతా ఒక్కసారిగా వచ్చేస్తోంది.

"దిగవే! దిగు! కాళ్ళు విరగ్గొడతా నిన్ను! చంపేస్తా! ఎన్నిసార్లు చెప్పానే, తోలు వలిచేస్తా, బూటు పోతే పోయింది, నా ప్రాణం తోడేస్తున్నావు కదే, నిన్ను... నిన్ను..."

కింద ఎక్కడో టైర్ల మీద బూటు పడిన చప్పుడైంది.

నేల మీద కూలబడి ఉన్నాను. అది నా ఒళ్ళో. తిట్టడం ఆగలేదు, దాని వీపు మీద నా చెయ్యి ఆగలేదు. కొడుతున్నానో నిమురుతున్నానో నాకే తెలియదు. దాని జుట్టులో మొహం పెట్టి తిడుతున్నాను. ఇన్నాళ్ళూ చెక్కలా బిగిసిన ఆ ఒళ్ళు మెత్తగా అయిపోయి, నా మెడ కిందికి దూరిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది, గదిలో ఇంకొకరున్నారని.

తలెత్తి చూడలేకపోయాను. అయిపోయింది. ఆ మాటలు ఆవిడకి అర్థంకాకపోవచ్చు. అర్థం చెప్పడానికి మనిషి నా ఒళ్ళోనే ఉంది. పట్టు బిగించాను.

మేడం ఏదో అడిగింది. ఏమడిగిందో తెలుసుకోవడానికి భాష రానక్కర్లేదు. మీ అమ్మ ఏమంది?

ఎప్పుడూ కొట్లో చిల్లర ఇచ్చినంత చురుగ్గా మాట మార్చి ఇచ్చే పిల్ల. ఆ రోజు ఆలోచించింది. ముక్కు నా భుజానికి తుడుచుకుంది. ఒకసారి కిటికీ వైపు, ఒకసారి నా మొహం వైపు చూసింది. అంత పొడుగు తిట్టంతటికీ ఆ పిల్ల ఒక్క మాట చెప్పింది. పెదవి ఒక్కసారి కదిలితే అయిపోయే మాట.

భయమేసింది, అంది. మా అమ్మకి భయమేసింది.

మేడం పరుపు మీద మళ్ళీ కూర్చుంది. ఆవిడ చెయ్యి గుండె మీద ఉంది. కాసేపటికి చేత్తో తాగుతున్నట్టు చూపించింది. లేచి మంచినీళ్ళిచ్చాను. ఆవిడ రెండు చేతులతో అందుకుంది. తాగి, థాంక్స్ చెప్పింది. ఆ మాటా నాకు తెలుసు.

వెళ్తూ తలుపు దగ్గర ఏదో చెప్పింది.

"కిటికీకి ఊచలు పెట్టించమంటోంది."

"ఇంకా?"

"మళ్ళీ వస్తుందంట."

"ఎందుకు?"

"ఊచలు చూడ్డానికి."

వాన తగ్గాక బూటు వెతకడానికి ఇద్దరం కిందికి దిగాం. టైర్ల దగ్గర లేదు. మెట్ల కింద, జల్లు పడని చోట, ఎవరో దాన్ని గోడకి ఆనించి, నీళ్ళు కారిపోవడానికి ఏటవాలుగా నిలబెట్టి వెళ్ళారు.

ఆ రోజు ఆదివారం కాదు. జరిగింది చెప్తే మా ఆయన అన్నం ముందు నుంచి లేచి వెళ్ళి, ఇనప ఊచలు భుజాన వేసుకుని వచ్చాడు. ఆ పూటే బిగించాడు. పొద్దస్తమానం గాల్లో వేలాడి అద్దాలు పట్టుకునే మనిషి, నేల మీద నిలబడి బిగిసిన మరల్నే మళ్ళీ మళ్ళీ తిప్పి చూశాడు.

మర్నాడు పొద్దున్న మిడత మెలకువగానే ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని, దుప్పట్లో కదలకుండా, దేనికోసమో కాచుకుని ఉంది.

"లేస్తావా, తోలు వలవమంటావా?"

దుప్పటి గాల్లోకి ఎగిరింది.

*

మేడం వచ్చింది. ఊచల్ని ఒక్కొక్కటీ పట్టుకుని ఊపి చూసింది. ఆ తర్వాత రాలేదు. అంటే కనపడలేదు. మెట్ల మీద అడుగులు వినపడితే ఇప్పటికీ నా చెయ్యి పరుపు మీదికి పోతుంది.

వానలు వెనకబట్టాయి. మొదటిసారి రోడ్డు పొడిగా కనిపించిన రోజు. బడికి వెళ్తున్నాం. దాని క్లాసు పిల్లలు కలిశారు, అది వాళ్ళతో కబుర్లు చెప్తూ ముందు నడుస్తోంది, వాళ్ళ భాషలో, వాళ్ళ నడకలో. నేను సంచీ పట్టుకుని వెనకాల. మలుపు దగ్గర వాళ్ళు ఆగారు. నాకు సందు కనిపించింది. నా కాళ్ళు వాటంతటవే దిగాయి.

"అమ్మా! ఆగు! కాళ్ళు విరగ్గొడతా!"

రోడ్డంతా వినపడేలా. మన భాషలో. కాళ్ళు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. నా మొహానికి జానెడు దూరంలో నుంచి, జుట్టంతా చెదిరేలా బస్సు పోయింది.

నిలబడ్డవాళ్ళందరూ తిరిగి చూశారు. దాని క్లాసు పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. అది ఎవర్నీ చూడలేదు. పరిగెత్తుకొచ్చి నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది. "ఎర్రబొమ్మ కనపడట్లేదా నీకు? ఎన్నిసార్లు చెప్పాను? చంపేస్తా నిన్ను!" అంటోంది. పెదవులు తెల్లబడిపోయాయి. గోళ్ళు నా చేతిలోకి దిగిపోతున్నాయి.

ఆ ఊరి భాషలో నాకు బాగా వచ్చిన ఆ ఒక్క మాటతోనే అడిగాను. భయమేసిందా?

"ఊఁ," అంది.

పచ్చబొమ్మ వచ్చింది. నడిచాం. అవతలి గట్టుకి చేరాక కూడా నా చెయ్యి వదల్లేదు.